గోడ లేని నీళ్లు

వీరాంజనేయులు ఇంట్లో నీళ్లంటే బిందెలో ఉండాలి, బకెట్టులో ఉండాలి, మహా అయితే డాబా మీది ట్యాంకులో ఉండాలి. అంతకు మించి ఎక్కడ కనిపించినా వాటికీ ఆ ఇంటికీ పొసగదు. ఇది వాళ్లమ్మ రామతులసమ్మ పెట్టిన చట్టం. శ్రీశైలం పోయినా పాతాళగంగ మెట్ల దగ్గరే ఆగిపోయి, ఎవరో చెంబుతో తెచ్చిన నీళ్లు నెత్తిన చల్లుకుని, దండం పెట్టుకుని వచ్చేస్తారు. కృష్ణా పుష్కరాలకు గిద్దలూరు బజారంతా బస్సులెక్కితే ఆ ఇంటి వాళ్లు మాత్రం గడప దాటలేదు.

ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. ఆమె పెద్దకొడుకు మల్లికార్జున ఎండాకాలం సెలవుల్లో స్నేహితులతో ఊరి బయటి చేలో బావికి ఈతకు పోయి తిరిగి రాలేదు. అప్పటికి ఆ పిల్లవాడికి పద్నాలుగేళ్లు. వీరాంజనేయులు తొమ్మిదేళ్లవాడు. అన్న చొక్కా ఒళ్లో పెట్టుకుని బావి గట్టున కాపలా కూర్చున్నది అతనే. తర్వాత ఆ బావిని పూడ్చి ప్లాట్లు వేశారు, ఇళ్లు లేచాయి, మనుషులు కాపురాలు చేసుకుంటున్నారు. రామతులసమ్మ మాత్రం ఈనాటికీ ఆ వీధిలో కాలు పెట్టదు.

అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి కంభం చెరువులో ఈత పందేనికి దిగాడంటే, అదేమీ రాత్రికి రాత్రి జరిగిన పని కాదు. దాని వెనక షుగరుంది, ఒక డ్రిల్లు మాస్టారున్నాడు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక ఆదివారం తలస్నానం ఉంది.

వాళ్లది కిరాణా దుకాణం. దానికి తెరిచే వేళ ఒకటి ఉంటుంది గాని మూసే వేళంటూ ఉండదు, ఆఖరి బేరం ఎప్పుడొస్తే అప్పుడే మూత. పొద్దున్నే పాల ప్యాకెట్లకు వచ్చేవాళ్లతో మొదలై, మధ్యలో కూతురు జాహ్నవిని స్కూలు వ్యాను ఎక్కించి, సరుకు లారీ వస్తే దింపించి, అమ్మకు బీపీ మాత్ర గుర్తు చేసి, మళ్లీ గల్లాపెట్టె ముందు కూలబడాలి. కూర్చున్నచోటే తిని, కూర్చున్నచోటే కునికి, నలభై దాటేసరికి వీరాంజనేయులు తన దుకాణంలో బియ్యం మూటలతో పోటీ పడే స్థితికి వచ్చాడు. మార్కాపురంలో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“శెట్టిగారూ, షుగరు మీ గుమ్మం ముందు చెప్పులు విడుస్తోంది. లోపలికొచ్చి కూర్చోకముందే మీరు లేచి నడవండి” అన్నాడు.

నడిచాడు. నడక చూసిన ఎజ్రా సారు ఊరుకోలేదు. ఎజ్రా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మనిషి ఖాళీగా కనిపిస్తే చాలు పరిగెత్తించాలని అతని చేతులు దురద పెడతాయి. నడకను పరుగు చేశాడు, పరుగుకు సైకిలు తగిలించాడు. నలభై దాటిన శెట్టి నిక్కరేసుకుని రాచర్ల రోడ్డు మీద పరిగెత్తితే గిద్దలూరు ఊరుకుంటుందా? “ఏం శెట్టీ, ఎవరు తరుముతున్నారు?” అని ఆటోవాళ్లు రోజూ అడిగేవాళ్లు. అడిగినవాళ్లే కొన్నాళ్లకు విసుగు పుట్టి, దారి ఇవ్వడం నేర్చుకున్నారు.

అతని భార్య కన్యకాపరమేశ్వరి లెక్క ప్రకారం మాట్లాడే మనిషి. “పొద్దున దుకాణం నేను తెరుస్తా. పిల్లకు జడలు నువ్వెయ్యి. అదీ బేరం” అంది. ఒప్పుకున్నాడు. పది కిలోమీటర్లు పరిగెత్తడం కంటే రెండు జడలు సమంగా వేయడం కష్టమని అతనికి మొదటివారంలోనే తెలిసొచ్చింది. చెమట కారుతున్న చొక్కాతోనే మంచం అంచున కూర్చుని, రిబ్బను నోట్లో కరుచుకుని, కూతురి పాపిడి తీసేవాడు. “నాన్నా, ఒకటి పైకి పోయింది, ఒకటి కిందికి పోయింది” అని ఆ పిల్ల అద్దంలో చూసి తీర్పు చెప్పేది. మళ్లీ విప్పేవాడు.

ఆ ఏడు చలికాలం ముందు ఎజ్రా ఒక కబురు తెచ్చాడు. కంభం చెరువు నిండింది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పోగేసి ట్రయాథ్లాన్ పెడుతున్నాం అన్నాడు. ముందు చెరువులో ఈత. నీళ్లలోంచి లేచి తడి బట్టలతోనే అర్ధవీడు రోడ్డు మీద సైకిలు. దిగి చెరువుకట్ట మీద పరుగు. మూడూ మధ్యలో ఆగకుండా.

“సారూ, ఆ మొదటిది తీసేసి తక్కిన రెండూ పెట్టరాదా?” అన్నాడు వీరాంజనేయులు.

“అట్ల తీసేస్తే దాన్ని ఆ పేరుతో పిలవరన్నా” అన్నాడు ఎజ్రా.

“అయితే నాకొద్దులే” అని వీరాంజనేయులు పంచదార తూచడంలో మునిగిపోయాడు. ఆ మాట అక్కడితో అయిపోయేదే.

ఆదివారం వచ్చింది. కన్యకకు ఒంట్లో బాగాలేక పిల్లకు తలస్నానం అతనే పోయాల్సి వచ్చింది. జాహ్నవికి అప్పుడు తొమ్మిదేళ్లు. పేరుకు గంగమ్మ, నీళ్లంటే హడల్. కుంకుడు రసం రుద్దినంతసేపూ బాగానే ఉంది. చెంబు నెత్తి మీదికి లేచేసరికి ఆ పిల్ల రెండు చేతులా ముక్కు మూసుకుని, నోరు తెరిచి గస పెడుతూ, గోడకు వీపు ఆనించి బిగుసుకుపోయింది. చెంబెడు నీళ్లు పడగానే కుళాయిని కావలించుకుని కేకలు పెట్టింది. బావిలో పడ్డ మనిషి అరిచే అరుపు అది. వీరాంజనేయులు చేతిలో చెంబు ఆగిపోయింది.

ముక్కు అట్లా మూసుకునేది అతను. గోడకు వీపు ఆనించి నిలబడేది అతను. ముప్పై ఏళ్లుగా తలుపేసుకుని తను చేసే స్నానం, తలుపు అవతలి నుంచి ఎట్లా నేర్చుకుందో ఏమో, ఆ పిల్ల పొల్లుపోకుండా నేర్చుకుంది. పెదనాన్న ఫోటో తప్ప ఆ పిల్ల ఏమీ ఎరగదు, బావి మొహం చూడలేదు. అయినా భయం మాత్రం వచ్చేసింది. అమ్మ నుంచి తనకు, తన నుంచి దీనికి. రేపు దీని నుంచి ఇంకెవరికో.

ఆ సాయంత్రమే ఎజ్రాకు ఫోన్ చేశాడు. “సారూ, నా పేరు రాసుకో. మూడూ చేస్తా.”

“ఈత వచ్చా అన్నా?”

“రాదు. నేర్చుకుంటా. నేను నీళ్లలోకి దిగేది నా కూతురు కళ్లారా చూడాల. అంతే.”

రాచర్ల పక్కన పోలయ్యకు గొర్రెలున్నాయి, చేను ఉంది, చేలో తాతలనాటి మోటబావి ఉంది. వానలు కలిసొచ్చి ఆ బావి నిండుగా ఉంది. పోలయ్య గొర్రెలకు మేతగా వేరుశనగ చెక్క, ఉప్పు వీరాంజనేయులు దగ్గరే కొంటాడు. సంగతి విని ముందు నోరు వెళ్లబెట్టాడు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. “శెట్టిని తేల్చాలంటే నడుముకు కట్టే బెండ్లు చాలవు, నీ దుకాణంలోదే ఏదన్నా పట్టుకురా” అన్నాడు. వీరాంజనేయులు ఖాళీ నూనె క్యాన్లు రెండు పట్టుకుపోయాడు. వాటికి మూతలు బిగించి, తాడుతో అతని వీపుకు కట్టి, పోలయ్య మెట్ల మీద నిలబెట్టాడు.

దిగడానికి వారం పట్టింది. మొదటిరోజు ఒక మెట్టు, పాదాలు తడిశాయి. రెండోరోజు ఆ మెట్టు నుంచే వెనక్కి వచ్చేశాడు. పోలయ్య ఎగతాళి మానేశాడు. చుట్ట కాల్చుకుంటూ గట్టున కూర్చుని, “ఈ నీళ్లు యాడికీ పోవులే శెట్టీ, నిదానంగా దిగు” అనేవాడు. చివరికొక రోజు మెడ దాకా దిగి, గోడ రాయి పట్టుకుని, కాళ్లు వదిలేశాడు. వదిలేసిన కాళ్లు కిందికి పోలేదు. వాటంతట అవే పైకి లేచాయి.

అంత బరువు మనిషి. రోజూ మోకాళ్లు మూలిగే మనిషి. ఆ బరువంతా ఎవరో రెండు చేతులా ఎత్తుకున్నట్టు తేలిపోయింది. “పోలయ్య మామా, నేను తేల్తున్నా!” అని అరిచాడు. బావిలో ఆ కేక గుండ్రంగా తిరిగి మళ్లీ అతని చెవిలోనే పడింది. తనను ముంచుతాయనుకున్న నీళ్లు తనను మోస్తున్నాయి. ఆ వింత అతనికి చాలారోజులు తీరలేదు. దుకాణంలో పప్పు తూస్తూ కూడా నవ్వుకునేవాడు. కన్యక అనుమానంగా చూసేది.

ఆ తర్వాత పోలయ్య నేర్పిన పద్ధతి ఒకటే. “గోడెమ్మట పో. కుడిచెయ్యి గోడకు అందేట్టు చూసుకో. భయమేస్తే పట్టుకో, అది పోతే మళ్లీ ఈదు.” అక్కడి పిల్లలందరూ అట్లాగే నేర్చుకుంటారు. బావి చుట్టూ గానుగెద్దులా తిరగడమే ఈత. నూనె క్యాన్లు రెండు ఒకటయ్యాయి, ఒకటి కూడా ఊడిపోయింది. కుడిచేతి వేళ్లు రాతిగోడను తాకుతూ, తాకుతూ, వీరాంజనేయులు ఆగకుండా ఎన్ని చుట్లంటే అన్ని తిరిగే స్థాయికి వచ్చాడు. ఎజ్రాకు ఫోనులో చెబితే అతను బావి చుట్టుకొలత లెక్కేసుకుని, “సరిపోద్దన్నా, చెరువులో ఆ దూరం నీకు లెక్కే కాదు” అన్నాడు. బావి గుండ్రంగా ఉంటుంది, చెరువు ఉండదు అన్న ముక్క చెప్పినవాడికి గాని విన్నవాడికి గాని తట్టలేదు.

ఇదంతా అమ్మకు తెలియకుండానే నడిచింది. కందులు చూడటానికి పోతున్నానని చెప్పేవాడు. ఆ ఏడు రాచర్ల కందులంత శ్రద్ధగా ఇంకే పంటనూ ఎవరూ చూసి ఉండరు. గుట్టు రట్టు చేసింది పోలయ్యే. చెక్క కోసం దుకాణానికొచ్చి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రామతులసమ్మతో, “మీ అబ్బాయి ఈత బాగా పట్టుకున్నాడమ్మా. చేపే అనుకో” అని పొగిడాడు. పాపం, ఆమె సంతోషిస్తుందనుకున్నాడు.

ఆమె ఒంటికాలి మీద లేస్తుందని వీరాంజనేయులు భయపడ్డాడు. లేవలేదు. ఒక్క మాట కూడా అనలేదు. కంచం తెచ్చి ముందు పెట్టేది, పోయేది. రోజులు గడిచినా పెదవి విప్పలేదు. తిట్టినా బాగుండు అనిపించింది అతనికి. మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఒకరోజు ఆమె ముందు నేల మీద కూర్చుని, జాహ్నవి తలస్నానం సంగతి చెప్పాడు. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విన్నది.

“అది కూడా నాలాగే అవుతోందమ్మా. ఇది నాతో ఆగాల. చెరువులో దిగి, మళ్లీ బయటికొచ్చి దాని ఎదురుగా నిలబడాల. అంతకంటే నాకింకేం వద్దు” అన్నాడు.

రామతులసమ్మ వేలికి చుట్టిన కొంగు విప్పింది. “యానాడు?” అంది.

“వచ్చే ఆదివారం. కంభంలో.”

“నేనూ వస్తా” అంది. “పెద్దోడు పోయిననాడు నేను ఈడ పంచదార పొట్లాలు కడుతున్నా. వాడు ఆడ మునుగుతాంటే నేను ఈడ దారం చుడుతున్నా. ఈసారి ఉంటా. ఏదైనా కానీ, నా కళ్ల ముందు కావాల.”

వీరాంజనేయులు లేచి పోయి, అవసరం లేకపోయినా మూటలు సర్దాడు.

ఆదివారం పొద్దున కంభం చెరువు మంచులో ఉంది. ఎండ ఎక్కేకొద్దీ మంచు లేస్తూ పోయింది, లేచేకొద్దీ చెరువు పెరుగుతూ పోయింది. ఇదే అంచు అనుకున్నచోట మళ్లీ నీళ్లు కనిపించాయి. దాని వెనక మళ్లీ నీళ్లు. బస్సులో పోతూ కిటికీలోంచి ఎన్నోసార్లు చూసిన చెరువే. దిగడానికి వచ్చి చూస్తే అది వేరే చెరువు. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ రాయలకాలం మనుషులు మట్టీ రాయీ మోసి పోసిన కట్ట అది. గంపలతో మోసి ఇంత సముద్రాన్ని నిలబెట్టారా అనుకున్నాడు.

పోటీకి వచ్చినవాళ్లు పెద్ద గుంపేమీ కాదు. మార్కాపురం కుర్రాళ్లు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక లేడీ కానిస్టేబులు, కంభం టీచర్లు. కట్టకు పక్కగా, ఒడ్డు ఏటవాలుగా దిగేచోట నిలబెట్టారు. ఎదురుగా నీళ్లలో దూరంగా ఎర్రటి డ్రమ్ము ఒకటి తేలుతోంది. దాన్ని చుట్టి రావాలి. అక్కడక్కడా జాలర్లు పుట్టి పడవల్లో కాపలా ఉన్నారు. గుండ్రటి ఆ పడవల్లో ఒకదాంట్లో అంకయ్య అనే ముసలాయన బీడీ వెలిగించుకుని, లావుపాటి శెట్టి వైపు ప్రత్యేకంగా ఒక కన్నేసి పెట్టాడు. కన్యక సైకిలు పట్టుకుని కట్ట దగ్గరుంది. రామతులసమ్మ నీళ్లకు చాలా ఎడంగా ఒక రాయి మీద కూర్చుని, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. జాహ్నవి కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది.

“నాన్నా, మునిగిపోతే?” అంది.

“మునగను తల్లీ. తేల్తా. నువ్వు చూస్తా ఉండు.”

ఈల పడింది. అందరితోపాటు అతనూ దిగాడు. నీళ్లు గడ్డకట్టినంత చల్లగా ఉన్నాయి. ముందు వాళ్ల కాళ్ల నురగ వెంట కొంతదూరం పోయాడు. తర్వాత నురగ దూరమైంది. వాళ్లు వయసులో ఉన్నవాళ్లు, పోయారు. పోతే పోయారని తలకాయ నీళ్లలో పెట్టి తన పద్ధతిలో తను ఈదాడు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, ఊపిరి. కుడిచెయ్యి గోడ కోసం వెతికేది. గోడ లేదు. మళ్లీ వెతికేది. అందని గోడను వెతుక్కుంటూ, ఒంటికి అలవాటైన ఒంపులో, బావిలో తిరిగినట్టే అతను ఎడమకు తిరుగుతూ పోయాడు. మనసుకు మాత్రం తను సూటిగానే పోతున్నట్టుంది.

చాలాసేపటికి తల ఎత్తాడు. ఎర్ర డ్రమ్ము లేదు. మనుషులు లేరు. ముందు నీళ్లు, పక్కన నీళ్లు. వెనక్కి తిరిగి చూస్తే కట్ట ఎక్కడో సన్నటి గీతలా ఉంది. కాళ్లు కిందికి చాపితే అడుగు లేదు. ముక్కు మూసుకోవడానికి రెండు చేతులూ లేచాయి. లేచిన చేతుల్ని అతనే బలవంతాన కిందికి దింపి, నీళ్లను తోశాడు. పోలయ్య మాట గుర్తుకు రాలేదు, దేవుడు గుర్తుకు రాలేదు. వెల్లకిలా తిరిగి పడుకున్నాడంతే.

నీళ్లు మోశాయి.

పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. చెవులు నీళ్లలో ఉండి లోకం చప్పుడంతా ఆగిపోయింది. పక్కకు చూస్తే నల్లమల కొండలు చెరువులో కాళ్లు వేలాడేసి కూర్చున్నట్టున్నాయి. కొంగల బారొకటి అతన్ని పట్టించుకోకుండా మీదుగా పోయింది. ఇంత నీళ్లు, ఇంత ఆకాశం, నడిమధ్యలో ఒక కిరాణా శెట్టి. ఎవరికీ లెక్కలేనంత చిన్నగా ఉన్నాడు తను. అయినా అతనికి చిన్నతనంగా అనిపించలేదు. అంత పెద్దదేదో తనను ఒళ్లోకి తీసుకుని ఊరుకుంది అనిపించింది. అన్న గుర్తుకొచ్చాడు. ఇన్నేళ్లూ గుర్తుకొచ్చినప్పుడల్లా పైకి తీసిన శరీరమే కనిపించేది. ఇప్పుడు చొక్కా విప్పి తన ఒళ్లోకి విసిరి, బావిలోకి దూకేముందు అన్న నవ్విన నవ్వు కనిపించింది. ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. దీనికోసమే పోయాడు పిచ్చి నాయన, దీనికోసమే. వీరాంజనేయులు చెరువు నడుమ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో భయం లేదు.

“అన్నా! యాడికి పోతున్నావు? డ్రమ్ము అటుంది!” అంకయ్య పుట్టి తెడ్డేసుకుంటూ దగ్గరికొచ్చాడు. “ఎడంగా కొట్టుకొచ్చినావు. ఎక్కు, దింపేస్తా.”

“ఎక్కను. ఈదుతా.”

“నీ ఇష్టం. ముందు ఆ ఒడ్డు సంగతి చూడు” అన్నాడు అంకయ్య, తెడ్డుతో చూపిస్తూ.

ఒడ్డున జనం అరుస్తున్నారు. కొడుకు దారి తప్పి నడిచెరువులోకి పోవడం, తల మాయమవడం, కదలకుండా వెల్లకిలా తేలడం చూసింది రామతులసమ్మ. మనవరాలి చెయ్యి వదిలేసింది. రాయి మీంచి లేచి, చెప్పులతోనే, చీరతోనే, చెరువులోకి నడిచింది. ఈత రాని మనిషి. ముప్పై ఏళ్లుగా చెంబులో తప్ప నీళ్లను చూడని మనిషి. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. వెనక నుంచి కేకలేస్తున్నవాళ్లను తిరిగి కూడా చూడకుండా, “నాయనా, వస్తున్నా, వస్తున్నా” అంటూ నడుస్తూనే ఉంది. పచ్చచీర కొంగు వెనక నీళ్ల మీద పరుచుకుంది. ఆ కొంగు చివర రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజుతూ ఒక చిన్న తల.

అది జాహ్నవి.

వీరాంజనేయులుకు డ్రమ్ము గిమ్ము ఏమీ గుర్తులేదు. ఆ పచ్చచీర మీద చూపు పెట్టి ఈదాడు. నాలుగు బారలు వేయగానే ఒళ్లు ఎడమకు లాగేది. తల ఎత్తేవాడు, చీరను చూసుకునేవాడు, దిద్దుకునేవాడు. చేతులు విరిగిపోతున్నాయి. అంకయ్య పుట్టి పక్కనే వస్తుంటే, “పోనీ, పోనీ, అట్లనే పోనీ” అని ఆ పుట్టే అంటున్నట్టు వినిపించింది అతనికి. చివరికి కాలికి మట్టి తగిలింది. లేచి నిలబడితే ఎదురుగా అమ్మ, ఛాతీ దాకా నీళ్లలో, ఎజ్రా వచ్చి భుజం పట్టుకుని ఆపితే ఆగి ఉంది.

రామతులసమ్మ కొడుకు చెంప మీద ఒక్కటిచ్చింది. వెంటనే ఆ చెంపే నిమిరింది. అతని భుజాలు, మెడ, జుట్టు తడిమి తడిమి చూసింది. “మునిగినావనుకున్నా” అంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

“పడుకున్నానమ్మా. నీళ్ల మీద పడుకున్నా. ఊరికే.”

“నీళ్ల మీద పడుకున్నావా?” అంది ఆమె. నమ్మలేనట్టు కొడుకును చూసింది, అతని వెనకున్న చెరువును చూసింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి చూస్తున్నట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా నింపాదిగా చూసింది.

అప్పుడు అతను కూతురి వైపు తిరిగాడు. జాహ్నవి ఇంకా కొంగు వదల్లేదు. నీళ్లు ఆ పిల్ల భుజాల దాకా ఉన్నాయి. జడలు రెండూ నీళ్ల మీద తేలుతున్నాయి.

“తల్లీ, భయం వేయలేదా?”

ఆ పిల్ల తల వంచి తనను తాను చూసుకుంది. నీళ్ల కింద తన చేతులు, తన గౌను. “చూసుకోలేదు నాన్నా” అంది. “అవ్వ పోతాంటే... నేను చూసుకోలేదు.” ఏడవబోయి ఆగింది. ఒక కాలు పైకెత్తి మళ్లీ కింద పెట్టింది. “కింద మెత్తగా ఉంది” అంది.

ఎజ్రా దగ్గరికి జరిగాడు. “అన్నా, ఫరవాలేదు. డ్రమ్ము చుట్టలేదు కాబట్టి ఈత లెక్కలోకి రాదు. ఈసారికి ఇట్ల కానీ, పైకి పోదాం రా” అన్నాడు మెల్లగా.

“పోదాం” అన్నాడు వీరాంజనేయులు. తను దేనికోసం దిగాడో అది కళ్ల ముందే భుజాల దాకా నీళ్లలో నిలబడి ఉంది. అంతకంటే కావాల్సింది లేదు. కూతుర్ని ఎత్తుకోవడానికి వంగాడు.

“ఆగు” అంది రామతులసమ్మ. “లెక్కలోకి ఎందుకు రాదు?”

“ఆ ఎర్ర డ్రమ్ము చుట్టి రావాలమ్మా. అన్న పక్కకు పోయినాడు” అన్నాడు ఎజ్రా.

ఆమె డ్రమ్ము వైపు చూసింది. చాలా దూరం ఉంది. తక్కినవాళ్లందరూ ఎప్పుడో బయటికొచ్చి సైకిళ్లెక్కి పోయారు. చెరువు ఖాళీగా ఉంది. ఆమె మనవరాలి చేతిలోంచి కొంగు విడిపించి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఒడ్డు వైపు కాదు, ఒక అడుగు లోపలికి జరిగి నిలదొక్కుకుంది.

“అయితే పోయి చుట్టి రా నాయనా” అంది. “మేము ఈడ్నే ఉంటాం, నీళ్లల్లోనే.”

వీరాంజనేయులు అమ్మ మొహంలోకి చూశాడు. ఆమె వణుకుతోంది, కానీ కదల్లేదు. అతను మళ్లీ చెరువు వైపు తిరిగాడు.